పచ్చముల్లు

రేవు వీధిలో ఆమె అసలు పేరు అడిగితే తల గోక్కునేవాళ్ళే తప్ప చెప్పేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో పచ్చముల్లు అని అడిగితే, పాలు తాగే పసివాడు కూడా వేలు పెట్టి చూపించేవాడు: అదిగో, భోజనాల హోటలు వెనక పెరట్లో, కుళాయి పక్కన రాతి మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోందే, ఆవిడే. నలభై దాటిన మనిషి. ఎడమ బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో కత్తి జారింది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, సాక్షాత్తూ తమ్ముడి పెళ్ళాం. పేరు పెట్టి ఊరుకోలేదు, వచ్చే పోయే గిరాకీకల్లా చెప్పి నవ్వించి మరీ అలవాటు చేసింది.

పేరు వెనక ఒక చేప ఉంది. దాన్ని సూదిమూతి అంటారు. మీరు చూసి ఉండరు, చూసినా కొని ఉండరు. చెయ్యంత పొడవు, కర్రంత సన్నం, మూతి ముందు జానెడు ముక్కు, ఆ ముక్కు నిండా రవ్వల్లాంటి పళ్ళు. వంజరం కోసం, చందువ కోసం వేసిన వలలో అడక్కుండానే వచ్చి పడుతుంది. పడవవాళ్ళు దాన్ని తిట్టుకుంటూ ఒక మూలకి విసిరేస్తారు. ఇంత సన్నటి చేపలో ఏముంటుందిలే అని కాదు. కోసి చూస్తే లోపల ముళ్ళు పచ్చగా ఉంటాయి. పచ్చగా అంటే ఏదో కాస్త రంగు తిరిగి ఉండటం కాదు, చిలక రెక్కంత పచ్చగా. ఉడికించినా పోదు, వేయించినా పోదు. ఆ పచ్చదనం చూసిన చెయ్యి మళ్ళీ కంచంలోకి దిగదు.

తినొచ్చా అంటే తినొచ్చు. రుచి అంటారా, కమ్మగా ఉంటుంది. ఈ రెండు ముక్కలు నలుగురి చేతా ఒప్పించబోయి ఒక ఆడమనిషి బతుకు తెల్లారిపోయింది.

ఆ హోటలు వాళ్ళమ్మది. ముందు ఆరు బల్లలు, మధ్యలో వంటగది, వెనక పెరడు. తల్లి బతికున్నన్నాళ్ళూ అక్కా తమ్ముడూ ఇద్దరూ అందులోనే తిరిగారు. అక్కకి పెళ్ళి చేసి పంపారు. ఏడేళ్ళు తిరిగేసరికి ఆమె మొగుడు జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు లేరు. ఒక పెట్టె పట్టుకుని తిరిగి వచ్చేటప్పటికి తల్లి లేదు, తల్లి కూర్చునే కుర్చీలో తమ్ముడున్నాడు, వంటగది గుమ్మంలో మరదలుంది.

"నీ ఇల్లే కదక్కా, అడగాలా?" అన్నాడు తమ్ముడు.

ఆ మాట నిజమే అనుకుంది ఆమె. వారం రోజులు అనుకుంది.

సరుకుల గదిలో పక్క వేశారు. ఉల్లిపాయల బస్తాకీ నూనె డబ్బాలకీ మధ్య ఒక మనిషి పట్టే చోటు. ఆ గదికి తలుపుంది, గడియ బయట ఉంది. లోపల ఆమె పడుకుని ఉన్నా, బట్టలు మార్చుకుంటున్నా సరే, ఎవరికి ఉల్లిపాయ కావాలంటే వాళ్ళు తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. తెల్లారకముందు లేచి రాతి మీద కూర్చుంటే మధ్యాహ్నం గిరాకీ అయ్యేదాకా నడుం ఎత్తే పని లేదు. అందరూ తిన్నాక పెరట్లోకి ఆమె కంచం వచ్చేది. కంచంలో అన్నం, అన్నం మీద సూదిమూతి.

"వదినా, మీకైతే ముళ్ళు ఏరుకుని తినే ఓపికుంది. మావాళ్ళకి లేదు" అంది మరదలు మొదటి రోజు, నోట్లోంచి వెన్న కారుతున్నట్టు.

మరదలు ఎప్పుడూ ఆమెని 'మీరు' అనే అనేది. మర్యాదకి ఏ లోటూ చెయ్యలేదు. లోటల్లా కంచంలోనే.

పడవవాళ్ళు ఆ చేపని మరదలికి ఊరికే ఇచ్చేవాళ్ళు, పిల్లులకనుకుని. పెరట్లో పిల్లులు లేవు. తమ్ముడు అటుగా వచ్చినప్పుడు కంచం వంక ఒకసారి చూసి, గోడ వంక చూసి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయేవాడు. వాడికీ నోరుంది, కాకపోతే తినడానికి తప్ప దేనికీ తెరవడు.

మొదటిసారి ముల్లు పచ్చగా కనపడేసరికి ఆమె ముద్ద వదిలేసింది. కంచం పట్టుకుని గోడవతలకి వెళ్ళింది. అక్కడ వలలు కుట్టే ముసలాయన ఎండలో కూర్చుని ఉంటాడు.

"తాతా, ఇది విషమా?"

ముసలాయన ఆ ముల్లు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. "అరవై ఏళ్ళుగా తింటున్నాను, ఇంకా చావలేదు. ముల్లు రంగు దాని ఇష్టం, నీ కడుపుకేమైంది? ఆకలేస్తోందా?"

"వేస్తోంది."

"మరైతే నన్నడుగుతావేం?"

అలా మొదలైంది. ఆకలి మీద ఒక నెల తింది. తర్వాత చేతికి పని దొరికింది. ముళ్ళు ఏరడం విసుగనిపించి, ఒకరోజు చేపని పొట్ట దగ్గర చీల్చి, తెరిచి, వీపు పైకి వచ్చేలా రాతి మీద బోర్లా పరిచి, పక్కనున్న ఖాళీ నూనె సీసా దాని మీద మెల్లగా దొర్లించింది. ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు, పసిబిడ్డ వీపు నిమిరినట్టు. తిరగేసి వెన్నుముల్లు కొస పట్టుకుని పైకి లాగింది. పక్కముళ్ళన్నీ దాన్ని పట్టుకుని దువ్వెన పళ్ళలా వరసగా లేచి వచ్చేశాయి. కింద తెల్లటి కండ మిగిలింది, ఒక్క ముల్లు లేకుండా. ఉప్పూ కారం రాసి పెనం మీద వేస్తే అంచులు కరకర, లోపల మెత్తన. వంజరం పక్కన పెట్టి కళ్ళు మూసుకుని తినమంటే పందెం వేసినవాడు ఓడిపోతాడు.

కిటుకంతా చేతి బరువులో ఉంది. గట్టిగా నొక్కితే పక్కముళ్ళు మధ్యకి విరిగి కండలో ఉండిపోతాయి, వెన్ను ఒక్కటే వస్తుంది. పైకి ఏమీ తెలీదు. పంటి కింద పడ్డాక తెలుస్తుంది.

ఆమెకి ఆ చేపంటే ఇష్టం పుట్టింది. ఇష్టం పుట్టిన సంగతి మరదలికి తెలియనివ్వలేదు. గబగబా తినేది కాదు, నాలిక చప్పరించేది కాదు, మొహం అదోలా పెట్టి బలవంతంగా మింగుతున్నట్టు తినేది. ఇష్టమని తెలిస్తే అదీ దక్కదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఎనిమిదేళ్ళలో ఆమె కోరుకున్నది ఒక్కటే: లోపలినుంచి గడియ పెట్టుకునే గది, అందులో తన కంచంలో తనే వడ్డించుకోవడం. మేడలు అడగలేదు, నగలు అడగలేదు. గడియ అడిగింది. అదీ నోరు తెరిచి అడగలేదు.

ఆ గది ముసలాయన దగ్గరే ఉంది. వలలు పెట్టుకునే కొట్టం పక్కన చిన్న గది, అద్దెకిస్తానన్నాడు. అద్దెకి సంపాదన కావాలి. ఐసు ఫ్యాక్టరీ గేటు పక్కన మధ్యాహ్నం పూట రెండు గంటలు బల్ల వేసుకుంటానని తమ్ముణ్ణి అడిగింది.

"ఏం అమ్ముతావక్కా?"

"మీరు తినని చేపే."

వాడికి నవ్వొచ్చింది. "ఎవరు కొంటారు దాన్ని? నీ ఇష్టం. ఇక్కడి పని మాత్రం ఆగకూడదు."

ఇక్కడి పని ఆగలేదు. నిద్ర ఆగింది. తెల్లవారుజాము ఇంకో రెండు గంటలు ముందుకి జరిగింది. మధ్యాహ్నం గేటు దగ్గర పెనం పెట్టి, ముళ్ళు తీసిన చేప వేయించి, రొట్టెలో పెట్టి ఇచ్చేది. మొదటి రోజు గేటు కాపలావాడు ఒక్కడు తిన్నాడు, బెరుగ్గా. రెండో రోజు వాడే మూడు తిన్నాడు. వారం తిరిగేసరికి మంచు దిమ్మలు మోసి చేతులు కొంకర్లు పోయిన మనుషులు ఆ పెనం చుట్టూ నిలబడి, వేడికి వేళ్ళు చాపుకుంటూ, "అక్కా, నాకు ముందు, నాకు ముందు" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవాళ్ళు. ఏం చేప అని ఒకడు అడిగాడు. సూదిమూతి అని దాచకుండా చెప్పింది. రొట్టె నోట్లో ఉన్నవాడు పేరు పట్టించుకుంటాడా? ఒకరోజు కాపలావాడు తిని, వేళ్ళు నాకి, "నీ చెయ్యి మంచిదక్కా" అన్నాడు. ఆమె ఆ మాట నాలుగు రోజులు మనసులో తిప్పుకుంది. పాపం, అంత చిన్న మాటకి అంత మురిసిపోయింది.

ముసలాయన గదికి సున్నం వేయించాడు. తలుపుకి లోపలివైపు కొత్త గడియ బిగించి, "వచ్చి చూసుకో" అని కబురు పెట్టాడు. వెళ్ళి చూసింది. గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది.

ఇవతల హోటల్లో మధ్యాహ్నం బల్లలు రెండు ఖాళీగా ఉంటున్నాయి. మరదలు ఆ రెండు బల్లల వంకా రోజూ చూసేది. ఏమీ అనలేదు. అనదు కూడా. పుల్ల విరిచినట్టు మాట్లాడే మనుషులతో పేచీ లేదు, వాళ్ళతో ఎలా ఉండాలో తెలుస్తుంది. ఈవిడ నవ్వుతుంది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం, గేటు దగ్గర పాతిక మంది ఉన్న వేళ, మరదలు కాగితంలో ఏదో చుట్టి పట్టుకుని వచ్చింది. ఒక పక్కన నిలబడి, జనం తినేదాకా ఆగింది. సగం మంది నోళ్ళలో రొట్టె ఉండగా కాగితం విప్పింది. లోపల ఉడకబెట్టిన సూదిమూతి, నిలువునా. రెండు చేతులా పట్టుకుని మధ్యకి విరిచింది.

"చూడండి బాబూ, మా వదిన మీకు పెడుతున్న చేప ఇదే."

వెన్నుముల్లు చిలకపచ్చగా బయటికి పొడుచుకొచ్చింది. నమలుతున్న దవడలు ఆగిపోయాయి.

"పచ్చటి ఎముక ఎక్కడన్నా చూశారా మీరు? అందుకే ముళ్ళు తీసేసి పెడుతోంది, మీకు కనపడకుండా. మేం మా ఇంట్లో పిల్లికి కూడా పెట్టం."

"విషమా అమ్మా?" అన్నాడొకడు.

"నాకేం తెలుసు నాయనా? రంగు చూస్తే మీకే తెలుస్తుందిగా."

పచ్చముల్లు గరిట పక్కన పెట్టి ముందుకి వచ్చింది. "అబద్ధం. విషం కాదు. నేను ఎనిమిదేళ్ళుగా ఇదే తింటున్నాను, నాకేమైంది?"

మరదలు ఆమెని కింది నుంచి పైదాకా తాపీగా చూసింది. చిక్కిపోయిన చెంపలు, ఎముకలు తేలిన మెడ, నీళ్ళలో నాని పాలిపోయిన చేతులు. అందరూ ఆ చూపు వెంటే చూసుకుంటూ వచ్చారు.

"మీకేమైందో నేనెందుకు చెప్పడం వదినా? వాళ్ళు చూస్తున్నారుగా."

నవ్వులు లేచాయి. ఒకడు గోడ దగ్గరికి పరిగెత్తి గొంతులో వేలు పెట్టుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు అటే పరిగెత్తారు. మంచి చెయ్యి అని మెచ్చుకున్న కాపలావాడే బల్లని కాలితో తన్నాడు. పెనం బోర్లా పడి, కాగిన నూనె ఆమె పాదం మీద చిందింది. ఆమె కేక కూడా వెయ్యలేదు. ఎవరి కోసం వెయ్యాలి?

ఆ సాయంత్రం కాలికి గుడ్డ చుట్టుకుని పెరట్లో కూర్చుంటే మరదలు కంచం తెచ్చింది. అన్నం మీద సూదిమూతి.

"తినండి వదినా. మీకిష్టం కదా" అంది. ఇన్నేళ్ళ దాపరికం అలా ఒక్క మాటతో బయటపడింది. పచ్చముల్లు అన్న పేరు పుట్టింది కూడా ఆ రోజే.

గదిని ముసలాయన వేరేవాళ్ళకి ఇవ్వలేదు. "వల బుట్టలు పెట్టుకుంటాలే" అన్నాడు. ఆ జాలి కూడా ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

ఏడాది తిరక్కుండానే సముద్రం మొహం చాటేసింది. పడవలు వెళ్తున్నాయి, వస్తున్నాయి, వంజరం జాడ లేదు, చందువ ఊసు లేదు. వచ్చిన నాలుగూ పెద్ద హోటళ్ళు ఎగరేసుకుపోతున్నాయి. సూదిమూతి మాత్రం గుట్టలు గుట్టలు. ఒక ఉదయం పచ్చముల్లు రాతి దగ్గరికి వచ్చేసరికి తొట్టె నిండా అదే చేప. తమ్ముడు పక్కనే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"అక్కా, నువ్వు గేటు దగ్గర చేసినట్టే... ముళ్ళు లేకుండా తియ్యి. ముందు బల్లల మీదకి."

"విషం కదరా?"

వంటగది కిటికీలోంచి మరదలు జవాబు చెప్పింది. "ముల్లు కనపడితే కదా వదినా విషం? తీసిన ముళ్ళు పెరట్లో గొయ్యి తీసి పాతెయ్యండి. ఒక్కటి కూడా బయటికి పోకూడదు."

ముందు బల్ల మీద పలక పెట్టారు: వెండి చేప వేపుడు. జనం తిన్నారు, వేళ్ళు నాకారు, ఇంత రుచి ఎక్కడిది అన్నారు. గేటు కాపలావాడు కూడా వచ్చి రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. వెనక పెరట్లో ఆమె సీసా దొర్లిస్తూనే ఉంది, పచ్చటి దువ్వెనలు గోతిలో వేసి మట్టి కప్పుతూనే ఉంది. ఒక్క చేప తరవాత ఒకటి, రోజుకి నూటయాభై.

మధ్యాహ్నం కంచం వచ్చింది. అన్నం, ఉప్పు నీళ్ళలాంటి చారు. చేప లేదు.

మర్నాడూ లేదు. మూడోనాడు అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. "అమ్మాయ్, ఒక్క ముక్క..."

"ఇప్పుడది బల్లల చేప వదినా" అంది మరదలు, చాలా నొచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి. "ఒకసారి అలవాటు చేస్తే రోజూ కావాలంటారు. మీకు తెలియంది ఏముంది?"

తమ్ముడు అక్కడే ఉన్నాడు. గోడ వంక చూశాడు.

మూడు నెలలు ఆమె పొద్దున్న లేచింది మొదలు ఆ చేప తెల్లటి కండ చేత్తో పట్టుకుంటూ, ఆ వేపుడు వాసన పీలుస్తూ, గుటకలు మింగుతూ బతికింది. పారేసే చేప తిన్నన్నాళ్ళు ఆమెకి అవమానం అనిపించేది. అది కూడా లేకపోయాక తెలిసింది, ఆ అవమానమే ఆమెకి మిగిలిన సుఖమని. మనిషి చేతిలోంచి చెత్త లాక్కోవడానికి కూడా మనసు ఒప్పేవాళ్ళుంటారు. వాళ్ళు మీ ఇంట్లోనే ఉంటారు, మిమ్మల్ని 'మీరు' అంటారు.

అప్పుడు ఐసు ఫ్యాక్టరీ మేనేజరు కబురు పెట్టాడు. కార్మికులందరికీ రోజూ మధ్యాహ్నం భోజనం ఈ హోటలు నుంచే తెప్పిద్దామనుకుంటున్నాడట, ముందు ఒకసారి వచ్చి రుచి చూస్తాడట. తమ్ముడికి కాళ్ళు నేల మీద ఆనలేదు. మరదలు కొత్త గుడ్డలు పరిచింది, గోడలు కడిగించింది.

"మేనేజరుగారి చేప నేనే చేస్తాను" అంది మరదలు. "రేపు అడిగితే నా చేతి వంటే అని చెప్పుకోవాలిగా."

రాతి దగ్గరికి వచ్చి సీసా లాక్కుంది. మూడు నెలలుగా కిటికీలోంచి చూస్తోంది, ఇదేం బ్రహ్మవిద్యా అనుకుంది. చేప పరిచి, పిండి వత్తినట్టు ఒళ్ళంతా ఆనించి నొక్కింది.

"అమ్మాయ్, అలా కాదు, మెల్లగా..."

"మీ సలహాలు గేటు దగ్గర అమ్మేశారనుకున్నాను, ఇంకా మిగిలాయా వదినా?"

పచ్చముల్లు నోరు మూసుకుంది. మరదలు వెన్ను పట్టి లాగింది. ఒక్క ఊపులో వచ్చింది. వెన్నుకి పక్కముళ్ళు సగం లేవు, మధ్యకి విరిగిపోయి ఉన్నాయి. మరదలు అది చూడలేదు, గోతిలోకి విసిరేసింది. ఆమె చూసింది. ఒక మాట చెప్తే సరిపోయేది. ఆ మాట నాలిక చివరదాకా వచ్చింది. కాలి మీద కాలిన మచ్చ వంక చూసుకుంది, మాట మింగేసింది.

మేనేజరు మంచివాడే. పక్కన ఇద్దరు మేస్త్రీలు, వెనక కాపలావాడు. హోటలు నిండా మిగతా గిరాకీ కూడా ఉంది. మొదటి ముక్క తిని కళ్ళు పెద్దవి చేశాడు. "అద్భుతమమ్మా! నీ చేతి వంటేనా?" మరదలు తల వంచుకుని సిగ్గుపడింది. రెండో ముక్కకి ఏదో పంటికి తగిలింది. వేళ్ళతో బయటికి లాగాడు. సన్నటి ముల్లు. వెలుతురుకి పట్టి చూశాడు. చిలకపచ్చ.

ముందుగా గుర్తుపట్టింది కాపలావాడే. "అయ్యా, ఇది అదే! గేటు దగ్గర అమ్మిన విషం చేప! ఈ తల్లే వచ్చి చెప్పింది మాకు!" అని మరదలి వైపు చూపించాడు.

ఆరు బల్లల మీదా చేతులు ఆగిపోయాయి. మేనేజరు మొహాన నెత్తురు చుక్క లేదు. మరదలు మింగలేదు, కక్కలేదు. అది విషం కాదంటే ఆ రోజు తను అబద్ధమాడినట్టు, విషమంటే ఈ రోజు తను పెట్టినట్టు.

తమ్ముడు ఒక్క గంతులో పెరటి గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా! అక్కా, ఒకసారి రా!"

చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకొచ్చాడు. ఒక కుర్చీ లాగాడు. తొమ్మిదేళ్ళలో ముందు బల్ల దగ్గర వాడు ఆమెకి కుర్చీ వెయ్యడం అదే మొదటిసారి.

"అయ్యా, ఈమె మా అక్క. తొమ్మిదేళ్ళుగా ఇదే తిని బతికింది. చూడండి, మీ కళ్ళ ముందే తింటుంది. తిను అక్కా."

కంచం ముందుకి జరిపాడు. వేడివేడి ముక్క, అంచులు ఎర్రగా వేగాయి, మీద కారం మెరుస్తోంది. ఆమె నోట్లో నీళ్ళూరాయి. నిజంగా ఊరాయి, పెదవులు బిగబట్టుకోవాల్సి వచ్చింది. మూడు నెలల ఆకలి ఆ ముక్క మీదకి ఎగబడింది. చెయ్యి ఒళ్ళోంచి కొంచెం లేచింది కూడా.

"తినండి వదినా" అంది మరదలు. గొంతులో ఈసారి వెన్న లేదు, ప్రాధేయపడుతోంది. "మీకిష్టం కదా."

లేచిన చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి దిగింది. కంచాన్ని రెండు వేళ్ళతో వెనక్కి నెట్టింది.

"నాకొద్దు."

"అక్కా!"

"పచ్చముల్లు విషమని మీ ఆవిడే చెప్పింది కదరా, పాతిక మందిలో. పిల్లికి కూడా పెట్టరంట. ఇంటి ఇల్లాలి మాట నేను కాదంటానా?" తర్వాత మేనేజరు వైపు తిరిగి, చాలా మర్యాదగా అంది. "నేను తినలేదండీ. ఎప్పుడూ తినలేదు. పెరట్లో పాతిపెట్టమంటే పాతిపెట్టాను. కావాలంటే తవ్వి చూసుకోండి."

కాపలావాడు పెరట్లోకి పరిగెత్తి కాలితో మట్టి కెలికాడు. మూడు నెలల పచ్చటి ముళ్ళు గుట్టగా బయటపడ్డాయి. ఆ తర్వాత ఆ హోటల్లో ఏం జరిగిందో చెప్పాలా? కంచాలు ఎగిరాయి, కుర్చీలు విరిగాయి. మేనేజరుని ఇద్దరు పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయనకి ఏమీ కాలేదు, భయానికి రెండు రోజులు పడుకున్నాడు.

"కొంప ముంచావు కదే! నువ్వు మనిషివేనా?" అని మరదలు ఆమె మీదకి వచ్చింది. ఆమెని 'నువ్వు' అనడం అదే మొదలు. పచ్చముల్లు కత్తి కడుక్కుంది, సీసా తీసుకుంది, పెట్టె తీసుకుంది, గోడవతలకి వెళ్ళింది.

హోటలు నెల కూడా నిలవలేదు. మరదలు పుట్టింటికి వెళ్ళి కూర్చుంది. ఆ రేవులో సూదిమూతిని ఇక ఎవరూ ముట్టుకోరు, ఊరికే ఇచ్చినా ముట్టుకోరు. గేటు దగ్గర మళ్ళీ పెనం పెట్టే దారి ఆమె తనకి తానే మూసేసుకుంది. ఆ సంగతి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే ఆమెకి తెలుసు. తెలిసే అంది. ఇప్పుడు ముసలాయన దగ్గర వలలు కుడుతుంది. దారం కోసుకుని వేళ్ళన్నీ గాట్లు. వచ్చేది గదికీ అన్నానికీ సరిపోతుంది, చేపకి ఏమీ ఇవ్వక్కర్లేదు. పడవవాళ్ళు కాలితో తోసి, "నువ్వేం చేసుకుంటావో తీసుకుపో" అంటారు.

ఒక మధ్యాహ్నం గది ముందు నీడ పడింది. చూస్తే తమ్ముడు. గడ్డం మాసిపోయింది, చొక్కా వదులైపోయింది. ఆమె అప్పుడే పెనం మీంచి రెండు ముక్కలు తీసి కంచంలో వేసుకుంది. వాడు లోపలికి రాలేదు, గడప మీదే కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు ఒక్క ముక్క తింటే నీ సొమ్మేం పోయేది?"

ఆమె నమలడం ఆపలేదు. "తినాలనే ఉండిందిరా. ఎంత నోరూరిందో నీకు తెలీదు."

"మరి?"

ఆమె ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. వాడి చూపు కంచం మీదకి వచ్చింది. ఈసారి గోడ వైపు తిరగలేదు, అక్కడే ఆగింది. గొంతులో గుటక పైకీ కిందకీ కదలడం ఆమెకి కనపడింది. చిన్నప్పుడు అమ్మ వడ్డిస్తుంటే వాడు అలాగే చూసేవాడు, తనే తన వాటాలోది తీసి వాడి కంచంలో వేసేది. అది గుర్తొచ్చింది. జాలేసింది.

"పొద్దుటినుంచీ ఏమీ తినలేదక్కా" అన్నాడు వాడు.

"విషంరా ఇది. నీకెందుకు?" అంది ఆమె. చివరి ముక్క నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, వేళ్ళు నాకి, లేచి చెయ్యి కడుక్కుంది. వాడు ఇంకా గడప మీదే ఉన్నాడు. కాళ్ళు అడ్డం తియ్యమని చెప్పి, తలుపు వేసి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.